గంటకో ఫోటో

ఆ రోజు మా కోడలు ఉయ్యూరులో ఏడింటి బస్సెక్కి విజయవాడ ధర్నాకి వెళ్లాలి. అంగన్‌వాడీ టీచరు. జీతం పెంచమని అడగబోతున్నారు, అంతే. తను మొదటిసారి మైకులో మాట్లాడాలి. వారం రోజులుగా వంటింట్లో నా ముందు నిలబడి ఆ మాటలే వల్లె వేసింది.

ఆరు కాకముందే ఇద్దరు ఆడ కానిస్టేబుళ్లు వచ్చి వరండాలో కుర్చీలు లాక్కుని కూర్చున్నారు.

"మేడమ్‌గారు ఇవాళ గడప దాటకూడదండీ," అంది పెద్దామె.

"ఆర్డరు కాగితం ఏదమ్మా?" అన్నాను.

"కాగితం ఉండదండీ. ఫోన్లో చెప్పారు."

సహకార బ్యాంకులో ముప్పై రెండేళ్లు లెక్కలు చూసినదాన్ని. సంతకం లేని కాగితాన్ని ముట్టుకోలేదు. ఇక్కడ కాగితమే లేదు.

"మీరు ఆందోళన పడకండి మామ్మగారూ," అంది చిన్నామె.

"ఆందోళన చేస్తే కేసంటారు, పడితే వద్దంటారు. ఇంక మాకు మిగిలిందేంటమ్మా?"

ఆ ఉదయం పేపర్లోనూ అదే మాట. శాంతియుతంగా నిరసన తెలిపేవాళ్లని అణచేస్తున్నారని ఏదో అంతర్జాతీయ సంస్థ ఆందోళన వ్యక్తం చేసిందట. గట్టిగా చదివి వినిపించాను.

"వాళ్లకేమండీ, పరాయి దేశంలో ఉండి ఎంతైనా చేస్తారు," అని పెద్దామె నవ్వింది.

నాకు రోత పుట్టింది. ఎక్కడో ఉన్నవాళ్లు మా గురించి ఆందోళన చెందవచ్చు. మేం మాత్రం బందరు రోడ్డు మీద బస్సెక్కి వెళ్లి ఆందోళన చేయకూడదు.

వాళ్లకి కాఫీ ఇవ్వలేదు నేను. కోడలే ఇచ్చింది. "తెల్లారకుండా లేచి వచ్చుంటారు అత్తయ్యా," అంది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఏడింటి బస్సు వెళ్లిపోయింది. తర్వాతవీ వెళ్లాయి. గంటకోసారి కోడల్ని గుమ్మంలో నిలబెట్టి, ఫోటో తీసి పైఅధికారికి పంపారు.

"కొంచెం నవ్వండి మేడమ్. బలవంతంగా ఆపినట్టు పడుతోంది," అంది చిన్నామె.

"మరి ఎలా ఆపారు?" అంది కోడలు.

చిన్నామె ఆ ఫోటోనే పంపింది.

ధర్నా ముగిసిందని ఫోను వచ్చాక గాని వాళ్లు లేవలేదు. "వస్తామండీ," అన్నారు, చుట్టాల్లాగా.

మర్నాడు పేపర్లో, లోపలి పేజీలో, ధర్నాకి అంగన్‌వాడీలు పెద్దగా రాలేదని వేశారు. కోడలు చదివి, పేపరు మడిచిపెట్టి పనికి వెళ్లిపోయింది. "రాలేదు" తీసేసి "రానివ్వలేదు" అని వేయాలంటే ఇంకో రెండక్షరాలు చాలు. వాటికి చోటు లేకపోయింది. పక్కనే ప్రభుత్వ ప్రకటనకి సగం పేజీ ఉంది.