సువర్ణక్క చెప్పిన ఫిజిక్స్ క్లాసు, నేను అన్న మాట

నిన్న ఆఫీస్ కాల్‌లో ఉన్నాను. చర్చ్ గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది. సువర్ణక్క ఇక లేరని.

వేరే సువర్ణ ఎవరో అనుకున్నాను. మళ్ళీ చదివాను.

బ్రెయిన్ హెమరేజ్ అంట. యాభై ఎనిమిదేళ్ళు.

కాల్‌లో ఎవరో నన్ను ఏదో అడిగారు. ల్యాప్‌టాప్ మూసేశాను.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. అక్క గుంటూరులో జూనియర్ కాలేజీ లెక్చరర్. అమెరికా వచ్చాక ఇక్కడ ఒక హైస్కూల్లో ఫిజిక్స్ టీచర్. అరోరాలో మన తెలుగు చర్చ్ పిల్లలందరికీ ఫిజిక్స్ ఆంటీ.

నాలుగేళ్ళ క్రితం మా అమ్మాయి నిస్సీకి జూనియర్ ఇయర్, అంటే పదకొండో తరగతి, క్లాసులు సెలెక్ట్ చేయాలి. వాళ్ళ స్కూల్లో అడ్వాన్స్‌డ్ ఫిజిక్స్ రెండు రకాలు. ఒకటి ఆల్జీబ్రాతో చెప్తారు. ఇంకోటి కాల్క్యులస్‌తో, అది కష్టం. కష్టమైనది తీసుకోకపోతే ఇంజినీరింగ్‌లో సీటు రాదని మా ఆయన పట్టు. నాదీ అదే మాట.

సరే, అక్కని ఒకసారి అడుగుదామని ఇంటికి పిలిచాను.

అక్క టీ తాగుతూ అడిగారు. "నిస్సీ, బంతి పైకి విసిరాం. బాగా పైకెళ్ళి ఒక్క క్షణం ఆగింది. అప్పుడు దాని యాక్సిలరేషన్ ఎంత?"

మా పిల్ల ఫార్ములాలన్నీ గడగడా రాసేసింది. "జీరో ఆంటీ. ఆగిపోయింది కదా."

"మరి కిందకి ఎందుకొస్తుందమ్మా?"

నిస్సీ రాసిన ఫార్ములాల్లో వెతకడం మొదలుపెట్టింది.

అక్క నా వైపు తిరిగారు. "లెక్కలు బాగా వచ్చు దీనికి. ఫిజిక్స్ ఇంకా పరిచయం కాలేదు. ఈ ఏడాది ఆల్జీబ్రాది తీసుకోనీ. కాల్క్యులస్‌ది సీనియర్ ఇయర్‌లో చేస్తుంది."

నాకు ఒళ్ళు మండింది. కాల్క్యులస్ క్లాస్‌కే సైన్ చేశాం.

అక్కడితో ఊరుకున్నానా? లేదు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చ్ కిచెన్‌లో ప్లేట్లు సర్దుతూ నలుగురిలో అన్నాను. "ఆవిడకి ఆ చిన్న క్లాసు చెప్పడమే వచ్చు. అందుకే అందరి పిల్లల్నీ అందులోకే లాగుతుంది."

వెనక్కి తిరిగితే అక్క. చేతిలో పెరుగు చట్నీ గిన్నె.

గిన్నె అక్కడ పెట్టి వెళ్ళిపోయారు.

అక్టోబర్‌కల్లా నిస్సీ డీలా పడిపోయింది. మొదటి టెస్ట్‌లో వందకి నలభై ఒకటి. రెండోది ఇంకా తక్కువ. తిండి మానేసింది. ఒకరోజు పొద్దున స్కూల్ దగ్గర డ్రాప్ చేస్తుంటే కార్ దిగలేదు.

"ఐ యామ్ స్టుపిడ్ అమ్మా. ప్లీజ్, ఎవరికీ చెప్పకు."

వెనక కార్లన్నీ హారన్ కొడుతున్నాయి. నా బిడ్డ సీట్ బెల్ట్ వదలట్లేదు.

ఎవరికి ఫోన్ చేయాలి? అక్కకే చేశాను. సారీ చెప్పలేదు. హెల్ప్ మాత్రం అడిగాను.

శనివారం అక్క బరువు చూసుకునే బాత్రూమ్ స్కేల్ ఒకటి పట్టుకుని వచ్చారు. నిస్సీనీ తననీ మా ఆఫీస్ బిల్డింగ్‌కి తీసుకెళ్ళమన్నారు. లిఫ్ట్‌లో స్కేల్ పెట్టి, పిల్లని దాని మీద ఎక్కించారు. లిఫ్ట్ పైకి బయల్దేరగానే నంబర్ పెరిగింది. పైన ఆగబోతుంటే తగ్గింది. "ఎందుకు?" అంటారు, మళ్ళీ బటన్ నొక్కుతారు. అరగంట అదే పని. మధ్యలో ఎక్కిన సెక్యూరిటీ ఆయన కూడా స్కేల్ ఎక్కాడు!

నిస్సీ నవ్వింది. ఎన్ని వారాలైందో ఆ నవ్వు విని.

కిందకొచ్చాక అక్క దాని భుజం పట్టుకుని చెప్పారు. "క్లాస్ మార్చుకోవడం ఓడిపోవడం కాదు నాన్నా. కౌన్సెలర్‌కి మెయిల్ ఇప్పుడే రాద్దాం."

నిస్సీ ఆల్జీబ్రా క్లాస్‌కి మారింది. తర్వాతి ఏడాది కాల్క్యులస్‌ది తనే అడిగి తీసుకుంది. బి గ్రేడ్ వచ్చింది. కానీ ఒక్కరోజు కూడా ఏడవలేదు. ఇప్పుడు మెకానికల్ ఇంజినీరింగ్ సెకండ్ ఇయర్.

ఇన్నేళ్ళలో ఎన్ని ఆదివారాలు. ప్రతిసారీ "వందనాలు అక్కా" అని తప్పించుకుని వచ్చేశాను. ఇంకోసారి చెప్దాంలే అనుకున్నాను.

నిన్న ఫోన్‌లో నిస్సీ చాలాసేపు ఏడ్చింది. తర్వాత అడిగింది.

"అమ్మా, నువ్వు ఆంటీకి సారీ చెప్పావా?"

ఆ రోజు కిచెన్‌లో తనూ ఉందని నాకు నిన్నటిదాకా తెలీదు.

చెప్పలేదని ఒప్పుకున్నాను.

అందుకే ఇక్కడ రాస్తున్నా. ఆ రోజు నా మాట విన్నవాళ్ళు ఇది చదువుతారు. నేనన్నది అబద్ధం. అక్క గుంటూరులో ఏళ్ళ తరబడి కాల్క్యులస్‌తోనే ఫిజిక్స్ చెప్పారు. ఇక్కడ ఆల్జీబ్రా క్లాస్ ఆవిడ కావాలని అడిగి తీసుకున్నారు, భయపడే పిల్లలు అక్కడే ఉంటారని. ఈ విషయం నాకు అప్పటికే తెలుసు. తెలిసే అన్నాను.

క్షమించండి అక్కా. మీకు ఎదురుగా చెప్పాల్సింది.

ప్రభువు దగ్గర నెమ్మదితో ఉండండి.