పొయ్యి పక్కన పెట్టకండి, అల్లుడుగారూ

లోకంలో వైన్ అమ్మేవాళ్లందరూ సీసా చేతిలో పెట్టి, డబ్బు పుచ్చుకుని, ఆ సంగతి అంతటితో మర్చిపోతారు. మామగారు మాత్రం సీసాని అమ్మానని ఏనాడూ అనుకోలేదు. పిల్లనిచ్చాననుకునేవారు. పిల్లనిచ్చినవాడు ఊరుకుంటాడా? అత్తింట్లో ఎలా ఉందో, ఎండ తగులుతోందో, ఎవరైనా విసురుగా ఎత్తి కుదేస్తున్నారో కనుక్కోవద్దూ? వారం వారం ఫోన్ చేసి మరీ కనుక్కునేవారు.

అందుకే ఆయన అసలు పేరు జనం ఎప్పుడో మర్చిపోయారు. కొన్నవాళ్లందరికీ ఆయన మామగారు. ఆయనకి వాళ్లందరూ అల్లుళ్లు. ఆడవాళ్లు కొంటే వియ్యపురాళ్లు, వాళ్లని "వదినగారూ" అని పిలిచేవారు.

కొండవాలు మీద ద్రాక్షతోట, తోట చివర పెంకుల షెడ్డు, షెడ్డు కింద పీపాలతో నిండిన చల్లటి నేలమాళిగ. షెడ్డు ముందుగదే అమ్మకాల గది. అందులో ఓ పొడుగాటి బల్ల, కడిగి బోర్లించిన గ్లాసులు, కిటికీ పక్కన ఓ కుర్చీ, కుర్చీకి చెయ్యి అందేంత దూరంలో నల్లటి ఫోను. ఆ రిసీవరు మామగారి చెవి ఆకారానికి అరిగిపోయిందనీ, ఇంకెవరి చెవికీ పట్టదనీ చెప్పుకునేవారు.

ఓసారి ఓ కుర్రాడు వచ్చి ఎర్రది ఒక సీసా ఇమ్మన్నాడు.

"కూర్చోండి. ఏం చేస్తుంటారు?" అన్నారు మామగారు.

"లిఫ్టులు బాగుచేస్తానండీ. ఎర్రది ఒకటి..."

"ఇస్తాం, ఇస్తాం. ఇల్లు సొంతమా, అద్దెదా?"

"అద్దె. పై అంతస్తు. ఎందుకండీ?"

"పై అంతస్తంటే ఎండ తిన్నగా నెత్తి మీదే. పిల్లని ఎక్కడ ఉంచుతారు?"

కుర్రాడు తలుపు ఎంత దూరంలో ఉందో చూసుకున్నాడు. "నేను సంబంధం కోసం రాలేదండీ. వైన్ కోసం వచ్చాను."

"రెండూ ఒకటే నాయనా. మంచం కింద చీకటిగా ఉంటుందా?"

"ఉంటుంది. చెప్పులు కూడా ఉంటాయి."

"చెప్పులు తీసేయండి."

ఆ సాయంత్రమే కుర్రాడి ఫోను మోగింది. "అల్లుడుగారూ, చెప్పులు తీశారా?" తీశానన్నాడు. "సీసాని పడుకోబెట్టారా, నిలబెట్టారా?" నిలబెట్టానన్నాడు. "పడుకోబెట్టండి. ప్రయాణం చేసి వచ్చింది, కాళ్లు నొప్పులుండవూ?" కుర్రాడు నవ్వాడు గానీ పడుకోబెట్టాడు. నెల తిరక్కుండా మళ్లీ వచ్చి ఇంకో రెండు పట్టుకెళ్లాడు. మళ్లీ ఎందుకెళ్లావని స్నేహితులడిగితే, "నా చెప్పులు ఎక్కడున్నాయని మా అమ్మ కూడా అడగదురా," అన్నాడు.

మామగారి చెవి మామూలు చెవి కాదు. ఓరోజు దర్జీ ఆవిడతో మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయారు.

"ఆ కూత ఎక్కణ్ణుంచి వదినగారూ?"

"కుక్కరండీ."

"సీసాకి ఎంత దూరం?"

ఆవిడ జానెడని ఒప్పుకుంది. మర్నాడు పొద్దున్నే ఆవిడ తలుపు తీసేసరికి గుమ్మంలో మామగారు, చంకలో తడిగుడ్డ. సీసాని అందులో చుట్టి పుట్టింటికి తీసుకొచ్చేశారు. ఎండలు తగ్గేదాకా నేలమాళిగలో ఉంచి, ఆ తర్వాత తిరిగి దిగబెట్టారు. దాంతోపాటు ఇంకో సీసా కూడా ఇచ్చారు, ఒక్కతే ఉంటే బెంగ పెట్టుకుంటుందని. దర్జీ ఆవిడ ఆ తర్వాత ఇంకోచోట వైన్ కొని ఎరగదు. "కొంటే ఆయనకి వాసనొచ్చేస్తుంది," అనేది భయం నటిస్తూ.

ఇంతమంది అల్లుళ్లలో ఒక్కడు మాత్రం అలిగి ఉండేవాడు. వాడే అసలల్లుడు.

మామగారికి ఉన్నది ఒక్కతే కూతురు. వైన్ చేసేది ఆవిడే. కోతల రోజుల్లో రబ్బరు బూట్లు వేసుకుని తొట్ల మధ్య దిగితే మళ్లీ ఎప్పుడు పైకొస్తుందో ఆవిడకే తెలీదు. లెక్కలు, ఆర్డర్లు, మొరాయించే పంపులు, ఇంట్లో కూరానారా, అన్నీ అసలల్లుడివే. పొద్దస్తమానం తన చెవిన పడే ఆ ఫోన్లు వింటూ ఓరోజు భార్య దగ్గర బయటపడ్డాడు.

"ఊళ్లో ప్రతి సీసా క్షేమం కనుక్కుంటారు మీ నాన్న. నాకిచ్చిన పిల్ల ఎలా ఉందని ఒక్కసారైనా అడిగారా?"

"నువ్వు నన్ను పొయ్యి పక్కన పెట్టవని ఆయనకి నమ్మకం," అంది ఆవిడ, బూట్లలోంచి ద్రాక్షతొక్కలు దులుపుకుంటూ.

ఇలా ఉండగా ఓ పెద్ద హోటల్ నుంచి కొనుగోళ్లు చూసే ఆయన వచ్చాడు. మూడు గ్లాసులు రుచి చూసి, కళ్లు మూసుకుని, తెరిచి, ఏటేటా పంట మొత్తం తమకే ఇచ్చేయమన్నాడు. అసలల్లుడికి షెడ్డు కప్పు గుర్తొచ్చింది. వానొస్తే అది కప్పో జల్లెడో తెలిసేది కాదు. ద్రాక్ష పిండే యంత్రం తాతలనాటిది, తాతల్లాగే మూలిగేది. ఈ ఒక్క సంబంధంతో అన్నీ గట్టెక్కుతాయి.

"మీ దగ్గర వీటిని ఎక్కడ ఉంచుతారు?" అని అడిగారు మామగారు.

"ఏసీ గదండీ. తాళం వేసి ఉంటుంది."

"లోపల ఎవరుంటారు?"

"ఎవరూ ఉండరు. సరుకే ఉంటుంది."

"అదే నా బాధ," అన్నారు మామగారు.

అసలల్లుడు దగ్గి, మాట మార్చి, శనివారంకల్లా ఏ సంగతీ చెప్తామని ఆయన్ని కారు దాకా సాగనంపాడు. తిరిగొచ్చేసరికి మామగారు కుర్చీలో ముడుచుకుని ఉన్నారు.

"పిల్లలందర్నీ ఒకే ఇంటికి ఇచ్చేస్తామా ఎక్కడైనా?"

"కప్పు కారుతున్నప్పుడు ఇస్తాం మామగారూ. మీ ఫోన్లతో కప్పు బాగవుతుందా?"

"మరి నేనెవరికి ఫోన్ చెయ్యను?"

ఆయన గట్టిగా అడగలేదు. గట్టిగా అడిగి ఉంటే అసలల్లుడు గట్టిగానే జవాబు చెప్పేవాడు. మెత్తగా అడిగేసరికి మొండికెత్తాడు.

"ఆ టైపు మాష్టారినే తీసుకోండి. ఎన్నడో ఒక్క తెల్ల వైన్ సీసా కొన్నాడు. అప్పట్నించీ వారం తప్పకుండా ఫోన్. మళ్లీ ఒక్క చుక్క కొన్నాడా? ఆయనకి ఎంత విసుగ్గా ఉంటుందో. నేనే వెళ్లి ఆయన నోటితో చెప్పించుకొస్తాను. విసుగని ఆయనంటే హోటల్‌కి సరేననాలి మీరు. పందెమా?"

మామగారు కాసేపు కిటికీలోంచి తోటని చూశారు. "పందెమే. వెళ్లు. కానీ కిటికీ దగ్గర ఏముందో అడక్కు," అన్నారు.

అదేం మాటో అసలల్లుడికి అర్థం కాలేదు. వ్యాను తీశాడు.

టైపు మాష్టారి ముందుగది నిండా గుడ్డ కప్పిన టైపు మిషన్లు, పరీక్ష రాయడానికి వచ్చి నిద్రపోయిన పిల్లల్లా వరసగా ఉన్నాయి. నేర్చుకునేవాళ్లు రావడం మానేసి చాలా కాలమైంది. మాష్టారు సన్నగా, ఇస్త్రీ చొక్కాలో, తనే ఓ నిలువుగీతలా ఉన్నాడు. ఎవరొచ్చారో తెలియగానే చకచకా కిటికీ వైపు నడిచి అడ్డంగా నిలబడ్డాడు. కానీ ఆయన ఒళ్లు దేన్ని దాచగలదు? వెనక కిటికీ గట్టు మీద సీసా. మామగారి సీసాయే. బిరడా లేదు. మూతిలోంచి పచ్చటి తీగ ఒకటి బయల్దేరి కిటికీ చువ్వల్ని పట్టుకుని సగం దాకా పాకింది.

"ఇది మా..."

"ముందు తలుపెయ్యండి," అన్నాడు మాష్టారు, కొండ మీంచి మామగారికి వినబడుతుందన్నట్టు గొంతు తగ్గించి. "మీదే. మా ఆవిడ ఉన్నప్పుడు కొన్నాను. మంచిరోజు చూసి తీద్దామని దాచింది. ఆవిడ పోయాక ఓరోజు తీశాను. నోట్లో పోసుకుంటే పళ్లు జివ్వుమన్నాయి. వెనిగరైపోయింది. పారబోసి, నీళ్లు నింపి ఈ తీగ గుచ్చాను."

"మరి మా మామగారు ఎలా ఉందని అడిగితే?"

"కులాసాగా ఉందంటాను. ఆకులు వేస్తోంది కదా, అబద్ధమెలా అవుతుంది?"

"తీసేశానని ఒక్క మాట చెప్తే ఈ ఫోన్ల గోల ఉండదు కదండీ."

మాష్టారు తప్పు అక్షరం కొట్టిన పిల్లాడిని చూసినట్టు చూశాడు. "గోలా? ఫోన్ ఆగిపోతే ఆయన ఏమైపోతాడయ్యా? పాపం ఒంటరి మనిషి."

"ఒంటరా? ఇంట్లో మేం లేమూ?"

"మీరుంటే నాలాంటివాడికి వారం వారం చేస్తాడా? అర్ధగంట మాట్లాడతాడు. సీసా గురించి రెండు ముక్కలు, మిగతాదంతా ఏం వండుకున్నారు, మందు వేసుకున్నారా, గడ్డం ఎప్పుడు గీసుకున్నారు, ఇవే. మాట్లాడ్డానికి మనిషి లేకపోతేనే కదా? అందుకని ఓపిగ్గా వింటాను."

అసలల్లుడు ఓ మిషను ముందున్న స్టూలు మీద కూర్చున్నాడు.

"మంచివాడు మాత్రం," అన్నాడు మాష్టారు, ఆకుల మీద దుమ్ము తుడుస్తూ. "కిందటి వానాకాలం స్నానాలగదిలో జారిపడ్డాను. ఫోన్ మోగుతోంది, లేవలేను. రెండుసార్లు మోగి ఆగింది. కాసేపటికి పక్కింటాయన తలుపు బద్దలుకొట్టి వచ్చాడు. ఆయనకి మీ మామగారే ఫోన్ చేశారట. వెనకే ఈయనా వ్యానులో దిగాడు. 'వానకి గోడలు చెమ్మెక్కి ఉంటాయి, పిల్లని చూసిపోదామని వచ్చాను' అన్నాడు. ఆస్పత్రిలో నా మంచం పక్క వదలకుండా కూర్చుని ఒకటే సణుగుడు, మీరిలా పడితే దాన్నెవరు చూస్తారని."

ఆ రోజు వ్యాను కనపడక, సరుకు కదలక, తను ఇల్లు ఎగిరిపోయేలా అరిచిన సంగతి అసలల్లుడికి గుర్తొచ్చింది. అంత అరిచినా మామగారు చెప్పిన జవాబు ఒక్కటే: పిల్లకి ఒంట్లో బాగాలేదని.

"మరి ఆ రోజు సీసాని చూసి ఉంటారే?"

"పక్కింటాయన చేత ముందే తువ్వాలు కప్పించాను. నిద్రపోతోందని చెప్పాను," అన్నాడు మాష్టారు గర్వంగా. "మీరు చెప్పకండేం."

చెప్పనని మాటిచ్చి అసలల్లుడు కొండెక్కాడు. మామగారు బల్ల దగ్గర గ్లాసులు తుడుస్తున్నారు. పందెం సంగతి ఆయన అడగలేదు, ఇతను చెప్పలేదు. ఓ గుడ్డ తీసుకుని తనూ తుడవడం మొదలుపెట్టాడు.

"మామగారూ, మన తెల్లది ఎన్నాళ్లు నిలుస్తుంది?"

"ఏడాది. మహా అయితే ఇంకాస్త. అది దాచుకునే రకం కాదు."

"మరి టైపు మాష్టారి దగ్గరున్నది..."

మామగారు గ్లాసుని వెలుతురుకి ఎత్తి చూశారు. లేని మరకని తుడిచారు.

"ఆకులు బాగున్నాయా?" అన్నారు.

అసలల్లుడు తుడుస్తున్న గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"తువ్వాలు కింద నుంచి ఒకటి తొంగిచూసింది ఆ రోజు. ఆయన దాచుకున్నాడు, నేను చూడలేదు. పాపం ఒంటరి మనిషి," అన్నారు మామగారు.

శనివారం హోటలాయనకి ఫోన్ చేసింది అసలల్లుడే, ఆ నల్ల ఫోన్ నుంచే. రిసీవరు తన చెవికి కూడా పట్టడం చూసి కాస్త కంగారుపడ్డాడు.

"పంట సగమే ఇవ్వగలమండీ. మిగతా సగానికి పాత సంబంధాలున్నాయి. ఇంకోమాట. ఆ ఏసీ గది మేమోసారి చూడాలి. తర్వాత కూడా వారానికోసారి ఫోన్ చేస్తుంటాం, ఏమనుకోకండి."

అనేసి, పోయింది సంబంధం అనుకున్నాడు.

"మాకు సరుకు అమ్మినవాళ్లలో అమ్మాక మా ఫోన్ ఎత్తినవాళ్లు లేరండీ. మీరు మీ అంతట మీరే చేస్తారా? అయితే సగమే పంపండి," అన్నాడు హోటలాయన.

సగం సరుకుతో కప్పు సగం బాగుపడింది. రెండో సగం కింద బకెట్టు పెట్టారు.

ఆ సాయంత్రం అసలల్లుడు ఇంట్లో కూర తాలింపు వేస్తుంటే ఫోన్ మోగింది. అమ్మకాల గది నుంచి. గరిటె పట్టుకునే ఎత్తాడు.

"అల్లుడుగారూ," అన్నారు మామగారు. ఇన్నేళ్లలో ఆ పిలుపు ఇతనికి దక్కడం అదే మొదలు. "అమ్మాయి ఎలా ఉంది? పొయ్యి పక్కన పెట్టడం లేదు కదా?"

అసలల్లుడు ఆవిరికి చెమర్చిన కళ్లజోడు తుడుచుకున్నాడు.

"లేదు మామగారూ. పొయ్యి పక్కన నేనుంటున్నాను."