తొమ్మిది బై రెండు తూము

1977లో నేను నర్సీపట్నంలో రోడ్ల శాఖ వర్క్ ఇన్‌స్పెక్టరుని. హోదాలో ఇంజనీర్లకు కింద, మేస్త్రీలకు పైన. రోడ్డు పని దగ్గరుండి చేయించి, అయినట్టు రిజిస్టరులో సంతకం పెట్టడం నా ఉద్యోగం. ఆ ఏడు వానలు వెనకబట్టే రోజుల్లో మూడు రోజుల మోటారు ర్యాలీ ఒకటి మా మన్యం దారుల్లో పెట్టారు. అందులో జీపు తోలబోతున్న సామ్యూల్ గారు నన్ను నావిగేటరుగా రమ్మన్నారు. ఆ కొండ దారులు నాకు కొట్టిన పిండి అని ఆయన నమ్మకం. నాకూ అదే నమ్మకం. సెలవు పెట్టి వెళ్లాను.

సామ్యూల్ గారిది మిషన్ చర్చి కుటుంబం. నర్సీపట్నంలో మెకానిక్ షెడ్డు నడిపేవారు. మిలిటరీ వాళ్లు వేలం వేసిన జీపును తెచ్చి, రెండేళ్లు దాని కిందే పడుకుని బాగుచేసుకున్నారు. సొంత బండ్లతో వచ్చినవాళ్లలో మొదట నిలిచిన డ్రైవరును ఒక కంపెనీ తన ర్యాలీ జట్టులోకి తీసుకుంటానని చెప్పింది. ఆయనకప్పుడు నలభై నాలుగేళ్లు. బయల్దేరే ముందు ఒక్క మాటే అన్నారు. “ఈ తూరి పోతే మరి నా బతుకంతా షెడ్డులోనే ఇన్‌స్పెక్టరు గారూ.”

ర్యాలీ అంటే అందరికన్నా ముందు దూసుకుపోవడమని నేనూ అనుకునేవాణ్ణి. అది తప్పు. బండ్లను నిమిషానికొకటి చొప్పున వదులుతారు. దారిలో టైమ్ కంట్రోళ్లు ఉంటాయి. ఒక్కో కంట్రోలుకు ఏ నిమిషానికి చేరాలో ముందే చెబుతారు. నిమిషం ఆలస్యమైతే ఒక మార్కు కోత, నిమిషం ముందు చేరితే రెండు మార్కుల కోత. కంట్రోలుకు కాస్త ఇవతల పసుపు బోర్డు పెడతారు. దానికి ముందు ఎంతసేపైనా ఆగవచ్చు, దాటాక ఆగకూడదు. డ్రైవరు గోతులు చూసుకుంటాడు. ఎంత దూరం వచ్చాం, ఎంత టైమయింది, నెమ్మదించాలా తొందరపడాలా అన్నది నావిగేటరు చెప్పాలి. దూరం చూపడానికి ట్రిప్ మీటరు, కాలానికి స్టాప్ వాచీ, దారికి రోడ్ బుక్. మొత్తం సరంజామా అంతే.

రెండు రోజులు ఎముకలు కుళ్లబొడిచాయి. బురదలో రెండుసార్లు దిగబడ్డాం, ఒక స్ప్రింగు పట్టీ విరిగితే సామ్యూల్ గారు కొబ్బరితాడుతో కట్టి నడిపించారు. అయినా మూడో రోజుకి సొంత బండ్లలో మేమే ముందున్నాం. ఆఖరి సెక్షను కొయ్యూరు దాటాక. రోడ్డు సున్నా రాయి నుంచి పద్నాలుగు కిలోమీటర్లు, ఇరవై ఎనిమిది నిమిషాలు; అంటే నిమిషానికి అర కిలోమీటరు. మొదట్లోనే గెడ్డ నీళ్లలోంచి దాటుతుంటే రాయి తగిలి ట్రిప్ మీటరు కేబుల్ తెగింది. జీపు స్పీడోమీటరు ఏనాడో పోయింది.

నేను బెదరలేదు. అది నా రోడ్డు. రోడ్డు కింద నీళ్లు పోయే ప్రతి తూము గోడ మీదా మా శాఖ నంబరు రాస్తుంది. 5/3 అంటే అయిదో కిలోమీటరులో మూడో తూము. మీటరు పోతే పోనీండి, నా తూములున్నాయని గొప్పగా చెప్పాను. 5/3 దగ్గర వాచీ పది నిమిషాలు చూపింది. సరిగ్గానే ఉన్నాం. ఆ తర్వాత తుప్పలు కమ్మేసి గోడలు కనిపించలేదు. మళ్లీ కనిపించిన నంబరు 9/2. వాచీలో ఇరవై రెండు నిమిషాలు. అప్పటికి పదకొండు కిలోమీటర్లు దాటి ఉండాలి. నాలుగు నిమిషాలు వెనకబడ్డాం, తొక్కండి అన్నాను.

సామ్యూల్ గారు ఒప్పుకోలేదు. “మూడో గేరు దించనేదండి నేను. ఇంతసేపు తోలితే నాలుగు కిలోమీటర్లేటండీ?” అన్నారు. గోడ మీద రాసి ఉంది చూడండి అని గద్దించాను.

తొక్కేవారే. కానీ ఆ తూము అంచు వానకి జారిపోయి, మా గ్యాంగు కూలీ సోమన్న ఎర్రగుడ్డ పట్టుకుని అడ్డంగా నిలబడి బండ్లను నెమ్మదిగా పంపుతున్నాడు. కొండ మీది ఊరివాడు. కంట్రోలు ఇంకా ఎంత దూరమని అడిగాను.

“ఆ మలుపు తిరిగితే జెండాలోల్లు అగుపడతారు బాబూ.”

తొమ్మిదో కిలోమీటరులో కంట్రోలేమిటని కసురుకున్నాను.

“కిలోమీటరు కాదు బాబూ, తొమ్మిదో మైలు. ఇక్కడ్నించి పైకి పాత నంబర్లే. రంగు అయిపోనాదంటే, పనైపోయినట్టే రాసీసి, మల్లీ సూద్దాం అన్నారు గదా మీరే.”

అన్నాను. నంబర్లన్నీ కిలోమీటర్లలోకి మార్చినట్టు రిజిస్టరులో సంతకం కూడా పెట్టాను. తొమ్మిదో మైలంటే పదమూడో కిలోమీటరు దాటిపోయినట్టే. మేం వెనకబడలేదు, దాదాపు అయిదు నిమిషాలు ముందున్నాం. అలాగే దూసుకుపోయి ఉంటే పది మార్కులు గంగలో కలిసేవి.

బండి పక్కకి తీసి ఆపేయమన్నాను. ఇప్పుడే తొక్కమని ఇప్పుడే ఆపమనే మనిషిని ఎవరు నమ్ముతారు? మా వెనక వదిలిన జీపు మమ్మల్ని దాటి పోయింది. సామ్యూల్ గారు స్టీరింగు వదలకుండా దాని వెనకే చూశారు. “ఈపాలి కరెక్టేనాండీ?” అన్నారు. తప్పు నాదేనని, రిజిస్టరు సంగతితో సహా చెప్పేశాను. ఆయన నన్ను ఒకసారి చూసి ఇంజను ఆపారు.

వాచీ చూసి కదలమన్నాను. మలుపు తిరగ్గానే పసుపు బోర్డు, దాని ఇవతల మమ్మల్ని దాటిన జీపు తన నిమిషం కోసం ఆగి ఉంది. దాని పక్కనుంచి ఆగకుండా వెళ్లి కంట్రోలులో టైము వేసే కార్డు ఇచ్చాం. ఇరవై ఎనిమిదో నిమిషం. కోత సున్నా.

సాయంత్రం ఫలితాలు చదివారు. సొంత బండ్లలో మొదటి స్థానం మాది, రెండో బండికీ మాకూ తేడా మూడు మార్కులు. సామ్యూల్ గారు నన్ను అమాంతం ఎత్తి జీపు బానెట్టు మీద కూర్చోబెట్టారు. నర్సీపట్నంలో డప్పులతో ఊరేగించారు. అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు. మర్నాడు ఆయన కొండెక్కి సోమన్నకి గెలిచిన కప్పు చూపించి వచ్చారు. ఇది ఏటికి పనికొస్తాదని అడిగాడట. ఆ తర్వాత ఏడేళ్లు సామ్యూల్ గారు కంపెనీ జట్టులో తోలారు.

నేను సెలవు నుంచి రాగానే ఆ రిజిస్టరు ఇంజనీరు గారి ముందు పెట్టి ఉన్నది చెప్పాను. మెమో ఇచ్చారు. రంగు డబ్బా పట్టుకుని సోమన్నతో కలిసి తూములన్నిటికీ నేనే నంబర్లు రాశాను. రిటైరయ్యేదాకా కళ్లతో చూడని పని కింద మళ్లీ సంతకం పెట్టలేదు.