చెరువులో దిగని బాతులు

సర్జాపుర దారిలో మా అపార్ట్‌మెంటు వెనక ఒక చెరువు ఉంది. దాని గట్టు కింద చేను గుత్తకు తీసుకుని మునుపు రాగులు పండించేవాళ్లం. దీపావళి దాటి చలి మొదలైతే ఉత్తరాది నుంచి అడవి బాతులు వచ్చి ఆ చెరువులో దిగేవి. బూడిదరంగు ఒళ్లు, తెల్లటి తల వెనక రెండు నల్ల గీతలు. పగలంతా నీళ్లలో ఉండి, పొద్దు గూకగానే మా చేలో పడేవి. నేను కట్టె తీసుకుని పోతే మా ఇంటాయన అడ్డం వచ్చి కట్టె లాక్కునేవాడు.

"తిననీలేమే. మన మాదిరే కూటికోసరం వచ్చినాయి."

"కూటికొస్తే మన చేనే దొరికిందా? మీ అబ్బ గాదెలు నింపి పోయినాడా, ఊరికే పెట్టేదానికి?"

ఆయన నవ్వేవాడు. కట్టె మాత్రం నా చేతికి ఇచ్చేవాడు కాదు.

చేను గలవాళ్లు అమ్ముకున్నారు. అక్కడ అపార్ట్‌మెంట్లు లేచాయి. వాటిలోనే ఒక ఇల్లు మా కొడుకు బాడుగకు తీసుకున్నాడు. ఈ ఏడు ఆయన మంచం పట్టాడు, చూపు కూడా పోయింది. తెల్లారితే ఒకటే మాట.

"వచ్చినాయా మే?"

"రాలేదు."

పూడిక తీస్తామని చెరువు నీళ్లన్నీ వదిలేసి జేసీబీలు దింపారు. చెప్పవద్దన్నాడు కొడుకు. నేను చెప్పాను. ఆయనతో అబద్ధమాడి ఎరగను.

"దారి తెలిసినవి, వస్తాయిలే. వచ్చినంక నాకు చెప్పు" అన్నాడు.

అవి రాకముందే, కార్తీకంలో ఆయన పోయాడు.

పెద్దకర్మ నాడు గట్టు మీద పిండం పెట్టాం. కాకి ముడితేనే పోయినవాళ్లకు తృప్తి. కాకి వచ్చి జేసీబీ మీద కూర్చుంది, దిగదు.

"అమ్మను బాగా చూసుకుంటా నాయనా" అని కొడుకు దండం పెట్టాడు. దిగలేదు.

"పాయసంలో బెల్లం తక్కువేసింటావు వదినా. నీ చేతి సంగతి కాకులకు తెలీదా?" అంది ఆడబిడ్డ. ఆకులో ఆయన నమిలే వక్కాకు కూడా పెట్టి చూసింది. ఊహూఁ. "మా అన్న మనసులో ఏం మిగిలిపోయిందో నీకే తెలిసుండాల, చెప్పు వదినా" అని ఏడ్చింది.

నేను ఆకు దగ్గరకు పోయాను.

"అవి వస్తే నేను చూసి చెప్తాలేయ్యా. ఉన్నది ఉన్నట్టు చెప్తా. తిను" అన్నాను.

కాకి దిగి మెతుకు ముట్టింది.

అప్పటి నుంచి తెల్లారకముందే మిద్దె పైకెక్కి నిలబడేదాన్ని. లిఫ్టు ఉంది కదమ్మా అని కోడలు అనేది. కాళ్లుండగా కరెంటు ఎందుకు? మార్గశిరం చివర ఒక పొద్దున అవి వచ్చాయి. వరస కట్టి, అరుచుకుంటూ, సరిగ్గా మా చెరువు మీదికే. కిందికి వంగాయి. చుట్టూ తిరిగాయి. నీళ్లుండే చోట ఎర్ర బురద, అందులో జేసీబీలు. మళ్లీ పైకి లేచి దక్షిణంగా పోయాయి. కనబడినంత దూరం చూశాను.

కిందికి వచ్చి ఆయన పటం ముందు నిలబడ్డాను.

"వచ్చినాయి" అన్నాను.

అంతటితో ఊరుకుంటే అడిగేవాళ్లెవరు? కానీ ఉన్నది ఉన్నట్టు చెప్తానని ఆకు ముందర మాటిచ్చాను.

"దిగలేదయ్యా" అన్నాను.