యేసు వేషగాడికి నర్సింగమ్మ ఇచ్చిన నీళ్ళు

మక్తల్ దగ్గర మా ఊరి చర్చికి రేకులు వేయించింది నేను, గంట తెప్పించింది నేను. ఊరి బడిలో అయిదో తరగతితోనే ఆపినా, కోతపండుగ నాటకాలన్నీ రాసి ఆడించిందీ నేనే. చనిపోయిన నర్సింగమ్మకు మొదటిసారి వేషం కట్టించిన ఘనత కూడా నాదేనని ఇప్పటి పిల్లలకు తెలియాలి.

నర్సింగమ్మది మాదిగవాడ. ఊరి బావి దగ్గర వాళ్ళనీ, మాలవాడ వాళ్ళమైన మమ్మల్నీ ఒకే దూరంలో నిలబెట్టేవారు. చర్చిలో మాత్రం మా సంఘపెద్దలు సొంత తెలివితో ముందు చాప మాకు, వెనక చాప వాళ్ళకు అని దేవుడి ఇంట్లోనే హద్దురాళ్ళు పాతారు. నర్సింగమ్మ ప్రతి ఆదివారం కుండతో నీళ్ళు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టేది. ముందు చాప పెద్దలు పాటలు పాడి గొంతులెండినా, ఇళ్ళకు పరుగెత్తి తాగేవారు గాని ఆ కుండ ముట్టేవారు కాదు. వాళ్ళలో ఒక్కరైనా తన నీళ్ళు తాగాలని ఆమె పంతం.

1986లో, యూదులు అంటు పాటించే సమరయ జాతి స్త్రీని యేసు బావి దగ్గర కలిసే బైబిలు కథ ఎంచాను. అయిదుగురు మొగుళ్ళ ఆడదాని వేషం మా వాడలో ఎవరూ వేయడానికి ఒప్పుకోలేదు.

"నర్సింగమ్మకియ్యి, సరిపోతది" అన్నాడు సంఘపెద్ద ఇస్రాయేలు. యేసు వేషం తనే పుచ్చుకున్నాడు. ఆ కథలో యేసు ఏమడుగుతాడో అంత వాక్యజ్ఞానికి తట్టనే లేదు!

మధ్యాహ్నం పందిరి నిండింది. ఇస్రాయేలు దుప్పటి సర్దుకుని, "అమ్మా, దాహానికి నీళ్ళియ్యి" అన్నాడు గంభీరంగా. నర్సింగమ్మ కుండలోంచి చెంబు ముంచి అందించింది.

"తాగినట్టు జేస్త, జర పక్కకు జరుగు" అని గొణిగాడు.

"ఉత్తగ జేస్తే దూప తీరుతదా పెద్దయ్యా?"

"వాక్యంల అడిగిండని ఉంది. తాగిండని యాడుంది?"

"తాగనోడు ఎందుకడిగిండు? గా ఆడమనిషిని గేలి జేస్తందుకా?"

వెనక చాప మీంచి గోపమ్మ అరిచింది: "తాగు దేవా, ఎండ మండుతాంది!"

పందిరంతా నవ్వు. ఇస్రాయేలు నా వైపు తిరిగి, "తెర గుంజు!" అన్నాడు.

"నా నాటకంల తెర ఎప్పుడు గుంజాల్నో నాకెరుక" అన్నాను.

ఇక దారి లేక కళ్ళు మూసుకుని తాగాడు. తడిసిన పెట్టుడు గడ్డం ఒక చెవికి వేలాడింది.

"ఇంకింత పొయ్యాల్నా?" అని అడిగి, జవాబుకు ఆగకుండా నర్సింగమ్మ జనంలోకి ఉరికింది. "రాండ్రి, నా చేతి నీళ్ళు తాగిన మనిషిని చూడుండ్రి!"

వాక్యంలో ఉన్నట్టు "నేను చేసినవన్నీ చెప్పిన మనిషిని చూడుండ్రి" అని నేను రాసిన మాట అది కాదు. చప్పట్లన్నీ దానికే పడ్డాయి.