ఫ్రెంచి సినిమాల్లో చెప్పులు

నా చిన్నప్పుడు, సముద్రం దాటి వచ్చి మేమున్న టోవా పాయోలో, మా ఫ్లాట్ల బ్లాకు మొత్తానికీ నేనంటే నవ్వే. మార్కెట్లో చేపలమ్మే ఆవిడ నడక, లిఫ్టులో ఇరుక్కుపోయిన బొద్దు అంకుల్ దగ్గు, మా స్కూలు డ్రిల్ టీచరు కేకలు, ఏది చూస్తే అది చేసి చూపించేదాన్ని. ఎవరింటికి చుట్టాలొచ్చినా నాకు పిలుపు వచ్చేది. వెళ్ళేదాన్ని, నవ్వించేదాన్ని, గుప్పెడు జంతికలు పెట్టించుకుని వచ్చేదాన్ని. పదేళ్ళ పిల్లకి అంతకన్నా ఏం కావాలి అని అందరూ అనుకునేవారు. నాకైతే ఒకటి కావలసి ఉండేది. ఒక్కసారైనా నన్ను చూసి ఎవరి కళ్ళైనా చెమ్మగిల్లాలని నా కోరిక.

మా పెదనాన్న రేవులో గుమాస్తా. పగలు ఓడల సరుకు, సాయంత్రం నాటకాలు. ప్రతి ఉగాదికీ తెలుగువాళ్ళందరం కమ్యూనిటీ సెంటర్లో కలిసేవాళ్ళం. అక్కడ పిల్లల చేత ఆడించే నాటకం ఆయనే రాసేవారు. ఆ ఏడాది నాటకంలో ఒక అన్న యుద్ధానికి వెళతాడు, చెల్లెలు గుమ్మంలో అతని కోసం ఎదురుచూస్తుంది. మధ్యలో జనం విసుక్కోకుండా సైన్యంలో ఒక వంటవాడున్నాడు. వంటవాడు ఎవరో ఎవరూ అడగలేదు, చెప్పలేదు. అది నేనే. ఏటా ఏదో ఒక వంటవాడినో, తిండిపోతునో, దొంగనో నేనే.

చెల్లెలి వేషం నేను వేస్తానన్నాను. ఇల్లంతా ఘొల్లుమంది. పెదనాన్న మాత్రం నవ్వు ఆపుకుని, చేసి చూపించమన్నారు. ఆదివారం మధ్యాహ్నం హాల్లో అందరూ కూర్చున్నారు. నేను తలుపు దగ్గర నిలబడి, "అన్నయ్యా!" అని గుండెలు బాదుకుని కూలబడ్డాను. మా నాయనమ్మకి నవ్వి నవ్వి పొరబోయింది, మంచినీళ్ళు ఇవ్వాల్సి వచ్చింది. తరవాత తెలిసింది, నేను ఏడ్చింది అచ్చం చేపలావిడ బేరం కుదరనప్పుడు ఏడ్చినట్టే ఉందట.

పెదనాన్న మనసు మెత్తన. "రిహార్సల్స్ మొదలయ్యేదాకా ఆ వేషం ఎవరికీ ఇవ్వను తల్లీ. ఈలోగా మమ్మల్నందర్నీ నవ్వకుండా కూర్చోబెట్టు, వేషం నీదే. లేదంటే గరిటె పట్టు," అన్నారు. అది కూడా జోకే అనుకుని అందరూ మళ్ళీ నవ్వారు.

నేను వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. అక్కడికి వచ్చింది పక్కింటి అక్క. ఆవిడ ఒక ట్రావెల్ ఆఫీసులో పనిచేసేది, సాయంత్రాలు ఫ్రెంచి నేర్చుకునేది. అది ఎందుకమ్మా అని ఎవరైనా అడిగితే, ఊరికే అనేది. ఫ్లాట్లన్నిటికీ కలిపి ఉన్న మా వరండాలో ఊరికే ఏదైనా నేర్చుకునే మనిషి ఆవిడ ఒక్కతే. నా మొహం చూసి ఓదార్చలేదు, ఏమైందని కూడా అడగలేదు. గోడ అవతలి నుంచి అంతా వినే ఉంటుంది.

"ఏమే కోతీ, మకాన్ అయిందా? శనివారం నాతో సినిమాకి వస్తావా?"

మకాన్ అంటే తిండి. ఆ ఊళ్ళో ఎవరైనా పలకరింపు అక్కడి నుంచే మొదలుపెడతారు. తినలేదన్నాను, వస్తానన్నాను.

ఆవిడ ఫ్రెంచి క్లాసు వాళ్ళు వరసగా కొన్ని శనివారాలు సినిమాలు వేస్తున్నారు. ఆడపిల్లలు ఇద్దరే ఎలా వెళతారని మా నాయనమ్మ కూడా బయల్దేరింది. ఆవిడకి ఇంగ్లీషే రాదు, ఇక ఫ్రెంచి సంగతి చెప్పాలా. హాలు చిన్నది, నేలంతా ఎర్రటి తివాచీ. ఎవరో ఇంటి ముందుగదిలా ఉంది. నాయనమ్మ గుమ్మం దగ్గర ఆగి చెప్పులు విడిచింది. పెద్దావిడ విడిచాక మేం ఊరుకుంటామా, మేమూ విడిచాం. మా వెనక వస్తున్న చైనా దంపతులు మా కాళ్ళ వైపు చూశారు, వాళ్ళూ విడిచారు. ఆ వెనక మలే కుర్రాళ్ళూ విడిచారు. ఇళ్ళల్లో అందరికీ అదే అలవాటు కదా, తివాచీ తొక్కడానికి ఎవరికీ కాళ్ళు రాలేదు. కాసేపటికి ఫ్రెంచి మాస్టారు వచ్చి, గుమ్మం ముందు బారులు తీరిన చెప్పుల్ని చూసి నిలబడిపోయారు. ఇది ఏ పండగో అడుగుదామనుకున్నారో ఏమో, అడగలేక కుర్చీ లాక్కుని తన బూట్ల తాళ్ళు విప్పడం మొదలుపెట్టారు. ఆయన మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లు. నాయనమ్మ అది నాకు చూపించి మరీ నవ్వింది.

సినిమా మొదలైంది కానీ నా మనసు బయటే ఉంది. అవి నా కొత్త చెప్పులు, ఎవరైనా వేసుకుపోతారేమోనని బెంగ. అందుకే కాబోలు, ఆ సినిమాలో ముందుగా నా కంట పడినవి బూట్లే. పెళ్ళికొడుకు తన బూట్లు తడిసిపోతే స్నేహితుడివి అరువు తెచ్చుకుంటాడు. అవి రెండు సైజులు పెద్దవి. చర్చి దాకా వీధంతా పడుతూ లేస్తూ వెళతాడు. మాటలు నాయనమ్మకి అర్థం కాకపోయినా ఆ నడక అర్థమైంది. హాల్లో అందరికన్నా పైకి వినిపించింది ఆవిడ నవ్వే.

తిరిగి వస్తూ బస్సులో అక్క ఒక విచిత్రమైన ప్రశ్న వేసింది. ఈ సినిమా తీసినాయన ఎలా ఉంటాడో చెప్పమంది. నేను తడుముకోకుండా, లావుగా, బొజ్జతో, ఎప్పుడూ జోకులేస్తూ ఉంటాడన్నాను. అక్క తలూపింది.

రెండో శనివారం హత్య సినిమా. ఒక లాడ్జీలో రోజూ ఒక గది ముందు ఒకాయన బూట్లు ఉంటాయి. ఆయన గది దాటి వెళ్ళలేదంటాడు. కానీ ఒక ఉదయం ఆ బూట్లకి తడి మట్టి అంటుకుని ఉంటుంది. అంతే, చూపించింది అంతే. మనిషి లేడు, కత్తి లేదు. అయినా నేను నాయనమ్మ ఒళ్ళో తల దాచుకున్నాను, నాయనమ్మ నా జడలో మొహం దాచుకుంది. ఇది తీసినాయన సన్నగా, నల్లగా, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటాడని అక్కకి చెప్పాను. ఆయన్ని చూస్తే కుక్కలు కూడా మొరగవని కలిపాను.

మూడో సినిమాలో ఒక ముసలి భార్యాభర్తలు. ఆవిడకి వంగడం చేతకాదు. రోజూ ఉదయం ఆయనే కింద కూర్చుని ఆవిడ బూట్ల తాళ్ళు కడతాడు, ఆవిడ పైనుంచి వదులంటుంది, బిగువంటుంది, సాధిస్తుంది. చివర్లో ఆవిడ పోతుంది. మర్నాడు ఆయన లేచి, అలవాటు కొద్దీ కింద కూర్చుని, ఖాళీ బూట్లకి తాళ్ళు కడతాడు. ఒక్క మాట లేదు, ఒక్క పాట లేదు. కట్టడం పూర్తయ్యేదాకా సినిమా తీసినాయన మమ్మల్ని చూడనిచ్చాడు. మా నాయనమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, అదే కొంగుతో నావీ తుడిచింది. ఇది తీసినాయన ముసలాయన, భార్య పోయింది, ఒక్కడే ఉంటాడు, పాపం అన్నాను.

అప్పుడు అక్క సంచిలోంచి ఒక పత్రిక తీసింది. అందులో ఒక ఫొటో ఉంది. స్వెట్టరు వేసుకుని, కళ్ళజోడు కిందికి జారిన మామూలు మనిషి. లావూ కాదు, సన్నమూ కాదు, ముసలీ కాదు. మా బ్లాకు కింద బియ్యం, పప్పులు అమ్మే అంకుల్‌కి తెల్లరంగు వేస్తే ఇలాగే ఉంటాడు.

"నీ బొజ్జాయన, నీ నల్లాయన, నీ ముసలాయన, ముగ్గురూ ఈయనే," అంది అక్క.

నమ్మలేదు. ఒకే మనిషి అంత నవ్వించి, అంత భయపెట్టి, అంత ఏడిపించడమేమిటి, అబద్ధం అన్నాను. మా ఇంట్లో అయితే ఆయనకి ఏటా వంటవాడి వేషమే ఇచ్చేవారు. ఆ మాట బయటికే అన్నాను. అక్క పకపకా నవ్వి, ఇంతకీ నేనేం గమనించానో అడిగింది. బూట్లు అన్నాను. మూడింటిలోనూ బూట్లేనన్నాను. అక్క నవ్వు ఆగిపోయింది. ఆవిడకి అది తట్టలేదట. చెప్పులు పోతాయేమోనన్న నా బెంగకి అంత విలువుందని నాకూ అప్పుడే తెలిసింది.

"చూశావా మరి? ఆయన మనిషి మారలేదు, బూట్లు మార్చలేదు. నువ్వు మాత్రం ఏడిపించడానికి ఇంకో పిల్లవి అయిపోదామని చూశావు. ఎందుకే?" అంది.

ఆ వారమంతా అదే ఆలోచన. పెళ్ళికొడుకుని ఆయన గబగబా నడిపించాడు, నవ్వొచ్చింది. లాడ్జీలో మనిషిని దాచేశాడు, భయమేసింది. ముసలాయన దగ్గర కదలకుండా ఆగాడు, ఏడుపొచ్చింది. స్కూల్లో లెక్కల క్లాసులో కూడా నా కళ్ళు అందరి కాళ్ళ మీదే ఉన్నాయి.

ఆదివారం మళ్ళీ అందరినీ కూర్చోబెట్టాను. ఈసారి అక్కని కూడా పిలిచాను. ఫ్లాటు తలుపు తీసి వరండాలోకి వెళ్ళాను. అక్కడ మా ఇంటి చెప్పులన్నీ ఉంటాయి. పెదనాన్న చెప్పులు తీసి, అవే యుద్ధానికి వెళ్ళిన అన్నయ్యవి అనుకోమన్నాను. నేను లోపలికి వస్తుండగానే నవ్వు మొదలైంది. క్రితంసారి అయితే నాకు కోపం వచ్చేది. ఈసారి ఆ నవ్వుని రానిచ్చాను. నవ్వు రావలసిన చోటే రానీ అనుకున్నాను. ఆ పెద్ద చెప్పుల్లో కాళ్ళు దూర్చి, అన్నయ్యలా ఛాతీ విరుచుకుని, టపటపమంటూ హాలంతా నడిచాను. నాయనమ్మ అప్పుడే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

గడప దగ్గరికి వచ్చి ఆగాను. చెప్పులు విడిచాను. కింద కూర్చుని, పావడా అంచుతో వాటి దుమ్ము తుడిచాను, ఒకటి అయ్యాక ఇంకోటి. వెళ్ళేవాడి చెప్పులు బయటికి చూస్తుంటాయి కదా. వాటిని మెల్లగా తిప్పి, మొహం ఇంటి లోపలికి ఉండేలా పెట్టాను. అప్పటికే వచ్చేసి, లోపలికి అడుగు పెట్టబోతున్న వాడివిలాగా. తరవాత వాటి పక్కన కూర్చుని వీధి వైపు చూశాను. డైలాగు ఒక్కటీ చెప్పలేదు. లోపల ఎవరో ఇంకా నవ్వుతున్నారు. ఆ నవ్వు అయిపోయేదాకా కూర్చున్నాను.

అయిపోయింది. పక్క బ్లాకులో ఎవరిదో రేడియో వినిపించింది. చాలాసేపటికి ముక్కు చీదిన చప్పుడు వచ్చింది. నాయనమ్మే అనుకుని తిరిగి చూశాను. కాదు, పెదనాన్న. తను రాసిన పేజీన్నర డైలాగు ఆయన చేతిలోనే ఉంది. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "ఇది ఇక అక్కర్లేదు తల్లీ," అన్నారు. నేను ఎగిరి గంతేశాను. నాయనమ్మ నా బుగ్గలు రెండూ పట్టుకుని లాగింది. పక్కింటి అక్క మాత్రం అందరికన్నా గట్టిగా చప్పట్లు కొడుతూ, వంటవాడి వేషం కూడా ఈ కోతికే ఇవ్వండి, ఎందుకు పోగొట్టుకోవడం అంది. ఇచ్చారు. ఆ ఉగాదికి రెండూ నేనే వేశాను. నేను చెల్లెలిగా రాగానే జనం గరిటె కోసం చూసి నవ్వారు. వెళ్ళేటప్పుడు కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళారు. అంత సంతోషం నా పెళ్ళిలో కూడా పడలేదంటే మా ఆయన ఇప్పటికీ ఉడుక్కుంటారు.

ఆ ఫ్రెంచాయన పేరు నాకు ఈనాటికీ నోరు తిరగదు, అందుకే రాయడం లేదు. ఆ తరవాత ఆయన యుద్ధం మీద తీసినవీ, పాటలతో తీసినవీ, దయ్యాలవీ ఎక్కడ దొరికితే అక్కడ చూశాను. ప్రతిదాంట్లోనూ బూట్లు వెతికాను, చాలావాటిలో దొరికాయి. ఇన్నేళ్ళలో నేను ఏ మనిషినీ ఇతను ఇంతే అని ఒక గూట్లో కూర్చోబెట్టలేకపోయాను. కూర్చోబెట్టబోతే ఆ స్వెట్టరు, జారిన కళ్ళజోడు గుర్తొస్తాయి.

ఇప్పుడు ఆ ఊళ్ళోనే ఆంగ్ మో కియో పేటలో మా అమ్మాయి వాళ్ళింట్లో ఉంటున్నాను. ఉదయం ఇంట్లో వాళ్ళు స్కూలుకీ ఆఫీసులకీ వెళ్ళాక, మిగిలిన చెప్పులన్నీ లోపలికి తిప్పి పెడతాను. సెలవు రోజున మా మనవరాలు అది చూసి, ఇక్కడి యాస ఇంగ్లీషులో "అమ్మమ్మా, యూ సో ఫన్నీ లా!" అని పడీపడీ నవ్వుతుంది. నవ్వనీ. నవ్వు అయ్యేదాకా ఆగడం నాకు వచ్చు.