ఫ్లైఓవర్ కింద బోనం

నా చిన్నప్పుడు సికింద్రాబాద్‌లో మా సందు చివర ఉన్న రోడ్డు మీదుగా ఇంకో రోడ్డు వేశారు. సిమెంటు స్తంభాలు లేచి, వాటి మీద పలకలు పడి, మొదటి లారీ మా తలల మీదుగా పోయేదాకా దాన్ని ఏమని పిలవాలో మా సందులో ఎవరూ ఆలోచించలేదు. బిర్జి అన్నారు. నది మీద ఉన్నా, నాలా మీద ఉన్నా, రైలు పట్టాల మీద ఉన్నా మాకు అన్నీ బిర్జీలే.

అది తప్పని చెప్పింది మా చిన్నాయన. ఆయన కొన్నేళ్లు బొంబాయిలో ఉద్యోగం చేసి వచ్చాడు. వస్తూ వస్తూ తెల్లని బూట్లు, నాలుగు ఇంగ్లీషు మాటలు, కిమామ్ వేసిన పాన్ నమిలే అలవాటు తెచ్చుకున్నాడు. కిమామ్ అంటే పొగాకును ఉడికించి, అత్తరు కలిపి చేసే నల్లటి ముద్ద. దాని వాసన ఒకసారి ముక్కుకు తగిలితే అన్నం సహించదు. మా సందులో ఆ డబ్బీ ఆయన దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఉండేది కాదు.

"బిర్జి గాదు, ఫ్లైఓవర్ అనాలె. కింద రోడ్డు, పైన రోడ్డు. ఒకదాన్ని ఆపకుంట ఇంకోటి పోతది. జెర నేర్చుకోండ్రి, బొంబాయి పోతే నా ఇజ్జత్ తీస్తరు," అనేవాడు. పట్టాల మీదుగా రోడ్డు పోతే ఓవర్‌బ్రిడ్జి అనీ, మనుషులు మెట్లెక్కి దాటేది ఫుట్‌బ్రిడ్జి అనీ విడదీసి చెప్పాడు. నాకు చిన్నప్పటినుంచీ దేన్ని దానిలాగే అనాలనే పట్టు ఎక్కువ. అందుకని ఆ పాఠం నాకు బాగా నచ్చింది. పెద్దయ్యాక నిఘంటువు తీసి చూశాను. ఆయన చెప్పింది సరిగ్గానే ఉంది. ఇంగ్లండు వాళ్లు ఫ్లైఓవర్ అన్నదాన్ని అమెరికా వాళ్లు ఓవర్‌పాస్ అంటారనీ, ఉత్సవాలప్పుడు విమానాలు బారులు తీరి తలల మీదుగా పోవడాన్ని అక్కడ ఫ్లైఓవర్ అంటారనీ అప్పుడే తెలిసింది. మాట అర్థం విషయంలో మా చిన్నాయనను తప్పు పట్టడానికేమీ లేదు. నాకు అసహ్యం పుట్టించింది వేరే సంగతి.

ఆ ఏడాది ఆషాఢంలో మా పక్కింటి అక్క అమ్మవారికి బోనం మొక్కుకుంది. ఆమెకు ఒక్కడే కొడుకు. వాడికి ఒంటినిండా అమ్మవారు పోసి, కళ్లు తెరవలేని స్థితికి వచ్చి, ఎట్లాగో బతికాడు. బిడ్డ దక్కితే ఉపవాసం ఉండి, చెప్పులు లేకుండా నడిచి బోనం ఎత్తుతానని అక్క మొక్కింది. బోనం మోసిన ఎవరికైనా తెలుసు, కొత్త కుండలో అన్నం వండి, పసుపు పూసి, వేపకొమ్మలు కట్టి, మీద దీపం పెట్టి ఒకసారి తలకెత్తుకున్నాక అమ్మ ముందు తప్ప ఇంకెక్కడా దించకూడదు. దారిలో దించితే మొక్కు చెడినట్టే.

బోనాల ఆదివారం మా సందు ఆడవాళ్లంతా డప్పుల వెనకాల బయలుదేరారు. ముందు అక్క, ఆమె పక్కన ఆమె అత్త, వెనక మా ఇంటి బోనంతో మా నాయనమ్మ, ఆమె కొంగు పట్టుకుని నేను. గుడికి పోవాలంటే ఆ ఫ్లైఓవర్ కిందనుంచే దారి. పైన పిట్టగోడ పొడుగునా మగవాళ్లు మోచేతులు ఆనించి తమాషా చూస్తున్నారు.

మేము సరిగ్గా కిందికి చేరేసరికి పైనుంచి ఎర్రటి ఉమ్మి వచ్చి అక్క బోనం మీద పడింది. దీపం చుయ్‌మని ఆరింది. వేపాకుల మీదుగా, పసుపు మీదుగా అది కారి, అక్క చెంప మీదికి, అక్కణ్ణుంచి భుజం మీదికి జారింది. రెండు చేతులతో కుండ పట్టుకుని ఉంది కనుక తుడుచుకోవడానికి ఆమెకు చెయ్యి లేదు. చెంప మీద పరాయి మగవాడి ఎంగిలి చిక్కగా కారుతుంటే కళ్లు మూసుకుని నిలబడింది.

డప్పులు ఆగాయి. అక్క అత్త నెత్తి కొట్టుకుంది. "అయిపాయె! ఇంకేం మొక్కే? ఎంగిలి బోనం అమ్మకిస్తవా? రేపు పోరనికేమన్న అయితే ఎవర్నడగాలె?" అని అరిచింది. తప్పు ఆమెదైనట్టే అందరూ అక్క వైపే చూశారు. దించడానికి లేదు, ముందుకు పోవడానికి లేదు. "నేనేం చేసిన అత్తా..." అని మాత్రం అంది అక్క. ఆ గొంతు వింటే, మొక్కు కంటే కొడుకు ప్రాణమే మళ్లీ చేజారినట్టు వణికిపోతోందని నాకు కూడా అర్థమైంది.

గోల విని పైనున్న వాళ్లలో కొందరు కిందికి దిగివచ్చారు. మా చిన్నాయన కూడా వచ్చాడు. చూశాడు. చూసి, "ఎవడో లఫంగగాడు ఉమ్మిండు. ఆడ అంతమంది ఉన్నరు, ఎవన్నని పట్టుకుంటం?" అన్నాడు. నోరు అప్పుడే తుడుచుకున్నాడు, మూతి పక్కన ఇంకా తడిగా ఉంది.

మా నాయనమ్మ తల మీది బోనం కదలకుండా రెండడుగులు ముందుకు వేసి, అక్క భుజం దగ్గర ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చింది.

"ఎవడో గాదు. ఈ వాసన నా ఇంట్ల దుప్పట్లకు సుత ఉంటది," అంది.

చిన్నాయన మొహం పాలిపోయింది. "అమ్మా, నేను చూడలే. కింద ఎవరున్నరో నాకేం ఎరుక?" అన్నాడు.

"కింద రోడ్డున్నదని పిల్లలకు పాఠం చెప్తవు. రోడ్డు మీద మనుషులుంటరని ఎరుక లేదా? రా, కుండ పట్టు."

"మంది చూస్తున్నరే అమ్మా."

"చూడనీ. వాళ్లకైన కండ్లున్నయి."

చిన్నాయన అక్క తల మీది కుండ రెండు చేతులతో తీసుకున్నాడు. తన ఉమ్మి తన వేళ్ల మధ్యకు జారుతుంటే మొహం పక్కకు తిప్పుకున్నాడు. అది నాకు ఇంకా అసహ్యమనిపించింది. తన నోట్లోనిదే, క్షణం క్రితం దాకా రుచిగా ఉన్నదే కదా!

ఎవరో చెంబుతో పసుపునీళ్లు తెస్తే నాయనమ్మ నాచేత అక్క మొహం, భుజం కడిగించింది. ఆ తరవాత మోకాళ్లు వంచి, తన తలను అక్క తలకు దగ్గరగా తెచ్చింది. ఇద్దరు ఆడవాళ్లు అటూ ఇటూ ఆసరా పట్టగా, మా ఇంటి బోనం నాయనమ్మ తల మీదినుంచి అక్క తల మీదికి మారింది. నేల తగల్లేదు. దీపం కూడా ఆరలేదు.

అక్క అత్తకు అది మింగుడుపడలేదు. "మీ ఇంట్ల వండింది మా మొక్కుకెట్ల పనికొస్తది పెద్దమ్మా?" అంది.

"నా చేతి వంట నీకు పనికిరాదంటే ఇప్పుడే చెప్పు. అమ్మకు పనికొస్తదో లేదో పోయి అమ్మనే అడుగుదాం. మైల మా ఇంటిది. బోనం సుత మా ఇంటిదే పోవాలె. మీ కోడలు మొక్కుకు ఏం కాలే," అంది నాయనమ్మ. డప్పులు మళ్లీ షురూ అయ్యాయి. నాయనమ్మ కొడుకు వైపు తిరిగి, "నేనొచ్చేదాక ఈడనే నిలబడు. అది అన్నం, కింద పెడితివో చూడు," అని మాత్రం చెప్పింది.

మేము తిరిగి వచ్చేసరికి చిన్నాయన కుండతో అట్లాగే ఉన్నాడు. పైనుంచి పడేవాటికి భయపడి స్తంభం పక్కకు జరిగాడు. కట్టి ఎన్నాళ్లూ కాలేదు, అప్పటికే ఆ స్తంభం అడుగున మగవాళ్లు మూత్రం పోసి మడుగు చేశారు. ఆయన తెల్లని బూట్లు అందులో ఉన్నాయి. ఇంటికి వచ్చాక నాయనమ్మ ఆయనచేతనే పెరట్లో గొయ్యి తీయించి, ఆ అన్నం పూడ్పించింది. చిన్నాయన పాన్ మానలేదు, మారిపోయాడని అబద్ధం చెప్పను. కాకపోతే చచ్చేదాకా పీక్‌దాన్, అంటే పాన్ ఉమ్మి వేసుకునే గిన్నె, వెంట పెట్టుకుని తిరిగాడు.

ఇప్పుడు ఊరినిండా ఫ్లైఓవర్లే. ప్రతిదాని స్తంభాలకూ పూలబొమ్మలు వేస్తారు, నెల తిరక్కుండా నడుము ఎత్తుదాకా ఎర్రగా మారతాయి. కింద ముక్కు మూసుకోకుండా దాటడం నావల్ల కాదు. మొన్న మనవరాలి స్కూటీ మీద ఏ.ఎస్. రావు నగర్ పోతుంటే, ఒక ఫ్లైఓవర్ మీద ముందున్న కారు అద్దం దిగింది. చదువుకున్న మొహమే ఒకటి బయటికి వచ్చి పిట్టగోడ అవతలికి ఉమ్మింది. "ఓ బాబూ, కింద ఎవరున్నరో చూసినవా?" అని అరిచాను. అద్దం ఎక్కింది. "అమ్మమ్మా, వదిలెయ్ ప్లీజ్, గొడవైతది," అంది మనవరాలు. వదిలెయ్యడం నాకు చేతకాదు.

ఎందుకంటే ఆ రోజు గుడిదాకా మిగిలిన దారిలో మా నాయనమ్మ ఎట్లా నడిచిందో నేను పక్కనే ఉండి చూశాను. బోనం లేదు కనుక వరసలోంచి తప్పుకోవచ్చు, ఇంటికి పోవచ్చు. తప్పుకోలేదు. కుండ కింద పెట్టుకునే గుడ్డచుట్ట తల మీద అట్లాగే ఉంచుకుని, దాని మీద ఏమీ లేకుండా, మెడ నిటారుగా పెట్టి, అక్క వెనకాలే నడిచింది. చూసినవాళ్లు నవ్వారు కూడా. అమ్మ ముందు అక్క బోనం దించి బిడ్డ పేరు చెప్పుకున్నాకే ఆ గుడ్డచుట్ట తీసి, చేతిలో మడిచి పట్టుకుంది.